గుండె ఆగిందని రాశారు

డయాలసిస్ గది, కిటికీ పక్క కుర్చీ
సోమవారం

అక్కకి,

తమ్ముడు రాస్తున్నది. నా అక్షరాలు చూసి నవ్వకు. ఫోనుండగా ఉత్తరమేమిటని నీకు అనుమానం వస్తుంది. ఫోనులో నువ్వు "ఎలా ఉన్నావురా" అంటావు, నేను "బాగానే ఉన్నా" అంటాను, అంతటితో సరి. పైగా ఇక్కడ గంటల తరబడి కదలకుండా కూర్చోవాలి. ఎడమ చేతికి సూదులు గుచ్చుతారు, కుడి చెయ్యి ఊరికే పడుంటుంది. పక్క కుర్చీలో ఒకావిడ ఉంటుంది, బేకరీ నడుపుతుంది. "ఊరికే ఉన్న చెయ్యి గోక్కోడానికి తప్ప పనికిరాదు, ఏదైనా రాసుకో" అని ఈ కాగితాలు ఆవిడే ఇచ్చింది.

సంగతేమిటంటే, నా రెండు కిడ్నీలూ పోయాయి అక్కా. చక్కెర జబ్బు తినేసిందట.

పాదాలు ఉబ్బుతుంటే బూట్లు బిగుతయ్యాయనుకుని పెద్ద సైజు కొన్నాను. ఆయాసమొస్తే వయసనుకున్నాను. నేను నడిపే క్రేను మీద నుంచి మాటిమాటికీ దిగడం కుదరదు కాబట్టి మాకు మూత్రానికి పైనే ఒక సీసా ఉంటుంది. అందులో నురగ కడుతుంటే ఎవడో సబ్బు సరిగ్గా కడగలేదనుకున్నాను. చివరికి ఒక రోజు నిచ్చెన సగం ఎక్కి ఆగిపోయాను. పైకీ పోలేను, కిందకీ రాలేను. కింద నుంచి అందరూ "ఏమైంది పైవాడా!" అని ఒకటే అరుపులు. ఫ్యాక్టరీలో నా పేరు నీకు తెలిసిందేగా. ఏ ఇనప దిమ్మె ఎత్తాలన్నా తలలెత్తి "పైవాడా, కాస్త దయచూడు" అంటారు. ఆ రోజు పైవాణ్ణి నలుగురు పట్టుకుని కిందికి దించారు.

ఫ్యాక్టరీ వాళ్ళు ఏటా మా కళ్ళు చూస్తారు, చెవులు చూస్తారు, ఎత్తంటే కళ్ళు తిరుగుతాయేమో చూస్తారు. మూత్రం ఎవరూ అడగలేదు. నేనూ "పట్టుకోండి" అని ఇవ్వలేదనుకో. ఇక్కడి డాక్టరు రిపోర్టు చూసి "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావయ్యా?" అన్నాడు. "ఇనుం ఎత్తుతున్నానండీ" అన్నాను. నర్సు నవ్వింది కానీ ఆయన నవ్వలేదు.

అమ్మ మనిద్దరికీ సమానంగా పంచిన ఆస్తి ఈ చక్కెరొక్కటే. నీ వాటా నువ్వు జాగ్రత్త చేసుకున్నావు. నా వాటా నన్నే తినేసింది.

కంగారుపడి పరిగెత్తుకు రావద్దు. వారానికి మూడుసార్లు రక్తం కడిగి పంపిస్తున్నారు. నీ మరదలు బాగా చూసుకుంటోంది. నీ మేనల్లుడు లారీ మీద తిరుగుతున్నాడు, కులాసా.

నీ తమ్ముడు
పైవాడు


మరణాల నమోదు కార్యాలయం, రెండో అంతస్తు
శుక్రవారం

ఒరే పైవాడా,

నీ ఉత్తరం ఆఫీసులోనే చదివాను. ముందు నవ్వాను. తర్వాత బాత్రూంలోకి పోయి చాలాసేపు రాలేదు. ఇంత జరిగితే "కులాసా" అని రాసే మొహం నీదొక్కటే.

నా ఉద్యోగం గురించి నువ్వెప్పుడూ "మా అక్క చచ్చినవాళ్ళ గుమాస్తా" అని వెక్కిరించేవాడివి. ఊరూరి నుంచీ వచ్చే మరణ పత్రాలు చూసి, ఎవరు దేనివల్ల పోయారో వాటిని విభాగాల కింద సర్దుతాను. చక్కెర వల్ల కిడ్నీలు చెడి పోయినవాళ్ళ కట్ట ఏటికేడాది లావవుతోంది. ఆ కట్ట సర్దుతూ నా గురించి భయపడ్డాను గానీ నీ గురించి అనుకోలేదురా. ఎందుకంటావా, చిన్నప్పటి నుంచీ జ్వరం నాకొచ్చేది, గోడలు దూకేది నువ్వు.

మా ఆఫీసులో ఏటా అన్ని పరీక్షలూ చేస్తారు. అందులోనే నా మూత్రంలో ప్రొటీను పోతోందని బయటపడింది. నాకు నొప్పి లేదు, వాపు లేదు. "ఇప్పుడే కనిపెట్టాం, అదృష్టం" అని ఒక మాత్ర మొదలుపెట్టారు. ఆసుపత్రి మా వీధి చివరే. చెప్పులేసుకుని వెళ్ళి వచ్చేస్తాను. ఇదంతా గొప్పకి రాయడంలేదు. నువ్విక్కడ ఉంటే నీకూ జరిగేది అని రాస్తున్నాను.

కాబట్టి ఇక్కడికి వచ్చెయ్. ఇక్కడి డయాలసిస్ గదిలో కుర్చీల కోసం తోసుకోవాల్సిన పనిలేదు. మా ఇంట్లో నేనూ, నా కుట్టుమిషనూ తప్ప ఎవరున్నారు? మీ బావగారు పోయినప్పటి నుంచీ ఆ ముందు గదిలో దీపం కూడా వెయ్యడం లేదు.

వీటికి జవాబు రాయి: నిజంగా వారానికి మూడుసార్లేనా? ఒక్కోసారి ఎంత నీరు తీస్తున్నారు? పాదాల మీద పుండ్లేమైనా ఉన్నాయా? జోకులు తర్వాత.

అక్క


డయాలసిస్ గది
గురువారం

అక్కా,

నీ ఉత్తరం బేకరీ ఆవిడకి చదివి వినిపించాను. "మీ అక్క పోలీసా?" అంది.

మూడుసార్లే. నీరు ఎంత తియ్యాలో అంతే తీస్తున్నారు. పాదాలు శుభ్రంగా ఉన్నాయి. చాలా?

ఇక్కడికి రావడమే పెద్ద పని. తెల్లవారగానే బస్సు. అది మూడు ఊళ్ళు తిరిగి ఇక్కడ దింపుతుంది. పోయేటప్పుడు ఒళ్ళు బరువు, వచ్చేటప్పుడు ఒళ్ళే లేనట్టుంటుంది. మొన్న దిగాల్సిన చోట లేవలేకపోతే కండక్టరు రెక్క పట్టుకుని దించాడు. "ఏం గురూ, పొద్దున్నే ఎక్కువైందా?" అని వాసన చూశాడు. ఎక్కువయ్యేంత తాగడానికి నాకు మంచినీళ్ళకే దిక్కులేదు. గ్లాసు కొలిచి ఇస్తుంది నీ మరదలు. దాహమంటే ఏమిటో నాకిప్పుడు తెలిసింది అక్కా. నోట్లో ఐసు ముక్క పెట్టుకుని అది కరిగిపోతుందేమోనని బాధపడేవాణ్ణి ఎప్పుడైనా చూశావా?

బేకరీ ఆవిడ నాకన్నా చిన్నది. తన జీవితమంతా ఊరికి చక్కెర తినిపించి, తను ఒక్క ముక్క నోట్లో వేసుకోకపోయినా ఆ జబ్బు తనకే వచ్చిందని నవ్వుతుంది. "వంటవాడికి వాసనే సగం తిండి" అంటుంది. ఆవిడకి కూడా కుర్చీలోకొచ్చేదాకా తన కిడ్నీల సంగతి తెలియదట. ఈ గదిలో ఎవర్నడిగినా అదే కథ. నొప్పి లేదు, తెలియలేదు, తెలిసేసరికి ఇక్కడున్నాం.

నీ దగ్గరికి రమ్మంటావు. నీ మరదలి ఉద్యోగం ఏం కాను? చేతి తొడుగుల ఫ్యాక్టరీలో ఇప్పుడిప్పుడే దాన్ని మిషను మీద కూర్చోబెట్టారు. అయినా నీ ఇంటికొచ్చి మంచమెక్కడం నాకిష్టం లేదు. ఎందుకని అడగొద్దు.

ఒకటి మాత్రం నేనే అడుగుతా. నీ దగ్గర దేశంలో అందరి చావులూ ఉంటాయిగా. ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఎన్నేళ్ళుంటారు? డాక్టర్నడిగితే "ధైర్యంగా ఉండండి" అంటాడు. ధైర్యం ఎన్నేళ్ళకి సరిపడా కావాలో తెలిస్తే బాగుండును.

తమ్ముడు


ఇంటి నుంచి
ఆదివారం

వదినగారికి నమస్కారాలు.

ఈ ఉత్తరం ఆయనకి తెలియకుండా రాస్తున్నాను. ఆయన మీకు రాసేవి అబద్ధాలు కాదు, సగం సగం నిజాలు.

ఒక మిషను పాడైంది. అప్పటి నుంచీ అందరికీ వారానికి రెండుసార్లే చేస్తున్నారు. "ఉన్నవాటితో సర్దుకోవాలి" అన్నారట. సర్దుకోవడానికి అది బస్సులో సీటా వదినగారూ? ఆ రెండుసార్ల మధ్యలో వచ్చే ఖాళీ రోజుల్లో మనిషి ఊపిరాడక కూర్చునే నిద్రపోతున్నారు. ఎడమ కాలి బొటనవేలు దగ్గర పుండు ఉంది. కట్టు కట్టేటప్పుడు "అక్కకి రాస్తే నీతో మాట్లాడను" అన్నారు. ఇప్పటికి పాతికేళ్ళుగా అదే బెదిరింపు, ఒక్కపూట కూడా మాట్లాడకుండా ఉండలేదు.

నా ఉద్యోగం సాకు మాత్రమే. మానేస్తానని నేనెప్పుడో చెప్పాను. అసలెందుకు రానంటున్నారో నాకూ చెప్పడం లేదు.

నేను రాశానని తెలియనివ్వకండి. మీరే ఏదో ఒకటి చెయ్యండి.

మీ మరదలు


ఇంటి నుంచి
బుధవారం

పైవాడా,

నీ ప్రశ్నకి జవాబు రాద్దామని కూర్చుని రెండు కాగితాలు చించేశాను. నా దగ్గరున్న అంకెలు గుంపు గురించి చెబుతాయి, మనిషి గురించి చెప్పవు. ఇది తప్పించుకోడానికి చెప్పే మాటేనని నీకు తెలుస్తుంది. అడిగావు కాబట్టి ఒక్క ముక్క చెబుతా. వారానికి మూడుసార్లు, ఇంటికి దగ్గరలో, కాళ్ళు జాగ్రత్తగా చూసుకుంటూ చేయించుకునేవాళ్ళలో చాలామంది ఏళ్ళ తరబడి ఉంటారు. మిగతావాళ్ళ సంగతి రాయను.

ఈ వారం ఆఫీసులో గొడవ పడ్డాను. ఈ జబ్బు మీద ఏటేటా ఒక నివేదిక పంపుతాం. కొత్త డయాలసిస్ మిషన్లు ఏ జిల్లాకివ్వాలో దాన్ని బట్టే పైవాళ్ళు నిర్ణయిస్తారు. మా డైరెక్టరు మొత్తం దేశానికి కలిపి మరణాల గీత ఒక్కటే గీయమంటాడు. ఆ గీత నెమ్మదిగా దిగుతోంది, చూడ్డానికి చల్లగా ఉంటుంది. "ఇద్దరన్నదమ్ముల్లో ఒకడు రెండు భోజనాలు చేసి ఇంకొకడు పస్తుంటే, సగటున ఇద్దరూ తిన్నట్టే కదండీ" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "సరే, జిల్లాల వారీగా పట్రండి" అన్నాడు.

పట్టుకెళ్ళాను. నగరాల గీత దిగుతోంది. వెనకబడ్డ పేటల గీత ఎక్కుతోంది. అందులోనూ యాభై నిండనివాళ్ళది మరీ ఎక్కుతోంది. వింతేమిటంటే, మీ జిల్లా గీత మాత్రం నేల మీద పాకుతోంది. మీ దగ్గర కిడ్నీ జబ్బుతో ఎవరూ పెద్దగా పోవడంలేదట! డైరెక్టరు "చూశారా, అక్కడ మిషన్లు సరిపోతున్నట్టేగా" అన్నాడు. నాకు నమ్మకం కలగలేదు. కానీ ఎందుకు తప్పో చూపించలేక కాగితాలు తీసుకుని వచ్చేశాను.

సెలవు పెట్టాను. శనివారం వస్తున్నాను. వద్దని ఉత్తరం రాసినా అది చేరేలోపు నేనే చేరతాను. సాక్సు విప్పి ఉంచు.

అక్క


డయాలసిస్ గది
సోమవారం

అక్కా,

నువ్వెళ్ళి పదిరోజులైనా ఇక్కడ అందరూ నిన్నే తలుచుకుంటున్నారు. ఆసుపత్రి సూపరింటెండెంటు ముందు కుర్చీలో కూర్చుని "మిషను బాగయ్యేదాకా లేవను" అన్నావట కదా. ఆయన బల్ల కింద కాళ్ళు ముడుచుకున్నాడని నర్సు అందరికీ నటించి చూపిస్తోంది. మిషను మాత్రం అలాగే ఉందిలే. దాని మీద ఇప్పుడు దుప్పట్లు ఆరేస్తున్నారు.

రెండుసార్లే చేస్తున్నారని నీకు ఎవరు చెప్పారో నాకు తెలుసు. అడగను. అది కుట్టే తొడుగులకి వేళ్ళు సరిగ్గా ఉంటాయో లేదో గానీ దాని కడుపులో మాట మాత్రం దాగదు.

ఇంకో సంగతి. బేకరీ ఆవిడ పోయింది. మొన్న గురువారం రాలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాం. ఇవాళ వాళ్ళాయన వచ్చి, ఆవిడ ఇక్కడ వదిలేసిన దుప్పటి తీసుకున్నాడు. మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు. "పొద్దున్నే పిండి కలుపుతూ కూలబడిందండీ. గుండె అన్నారు" అన్నాడు. ఆవిడ కుర్చీలో అప్పుడే ఇంకొకతను ఉన్నాడు, కొత్తవాడు, భయంగా సూదుల వంక చూస్తున్నాడు. అతనికి ధైర్యం చెప్పాల్సింది నేనే కదా, పాతవాణ్ణి. కిటికీ వైపు తిరిగాను.

సరే అక్కా. వస్తాను. కాలి పుండు మీద చర్మం పట్టాక ప్రయాణం చెయ్యొచ్చన్నాడు డాక్టరు. నీ గెలుపే. ఇక సంబరపడు.

తమ్ముడు


ఇంటి నుంచి
శనివారం

పైవాడా!

సంబరపడ్డాను. పక్కింటావిడ తలుపు కొట్టి "ఎవరితో మాట్లాడుతున్నారు?" అంది.

ఇక్కడి ఆసుపత్రిలో నీకు కుర్చీ ఖాయమైంది. వారానికి మూడుసార్లు, మధ్యాహ్నం పూట. నర్సు నీ వివరాలు రాసుకుంటూ "ఏం పని చేసేవారు?" అని అడిగింది. "పైవాడు" అన్నాను. తెల్లబోయింది పాపం.

ముందు గది దులిపాను. మంచం తలవైపు ఎత్తు చేయించాను, ఊపిరి సులువుగా ఆడుతుందని. నీ మరదలికి ఇక్కడ దర్జీ పని చూసి పెట్టాను, నా మిషనూ ఉంది. ఇద్దరాడవాళ్ళం రెండు వైపులా కూర్చుని నిన్ను తిడుతూ కుట్టుకుంటాం. నువ్వు వింటూ పడుండు.

వచ్చే ఆదివారం స్టేషనులో ఉంటాను.

అక్క


ఇంటి నుంచి
గురువారం

వదినగారికి,

మీరు ఇక్కడున్న నాలుగు రోజులూ "ఎలా జరిగిందే, చెప్పు" అని అడిగారు. జనం ముందు నోరు పెగల్లేదు. ఇప్పుడు ఇల్లు ఖాళీగా ఉంది. రాస్తాను.

ఆ గురువారం డయాలసిస్ గదికి వెళ్తే తలుపు దగ్గరే ఆపారు. మిషన్లకి పట్టే నీళ్ళు శుభ్రం చేసే యంత్రం చెడిపోయిందట. అది లేకపోతే ఏ మిషనూ నడవదట. "రేపు రండి" అన్నారు. శుక్రవారం వెళ్తే "సామాను రావాలి, సోమవారం" అన్నారు. నర్సు మంచిది, మా ముందే పక్క జిల్లా ఆసుపత్రికి ఫోను చేసింది. "మా వాళ్ళకే చాలడంలేదు" అన్నారు వాళ్ళు.

మీకు ఫోను చేస్తానన్నాను. చెయ్యి పట్టుకుని ఆపారు. "సంచి సర్దేశాం కదే, ఆదివారం బండెక్కితే సోమవారం అక్క దగ్గరే కుర్చీ. ఈ లోపు దాన్ని హడలగొట్టడం దేనికి?" అన్నారు. శనివారం సాయంత్రానికి పడుకోలేకపోయారు. కుర్చీలో ముందుకి వంగి, బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు. నీళ్ళు అడగలేదు. అడగకపోయేసరికి నాకు భయమేసింది.

ఆదివారం తెల్లవారుతూనే అబ్బాయి లారీ తెచ్చాడు. అంబులెన్సుకి ఫోను చేస్తే అది ఎక్కడో దూరాన ఉందన్నారు. వాడూ నేనూ ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టాం. ఊపిరందని మనిషి, అద్దంలోంచి కిందకి చూసి, "చాన్నాళ్ళకి ఎత్తు మీద కూర్చున్నానురా" అన్నారు. అదే ఆఖరి మాట. పెద్దాసుపత్రి వరండాలో బెంచీ మీద పోయారు. లోపలికి పిలిచేసరికే అయిపోయింది. డ్యూటీ డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకు చూసి, కళ్ళలో లైటు వేసి, "గుండె ఆగిందమ్మా" అన్నాడు.

మీరింకొకటి అడిగారు, ముందే ఎందుకు రాలేదని. అది నాకు బేకరీ ఆవిడ పోయిన రోజు చెప్పారు. "అక్కకీ ఇదే జబ్బు. నేనక్కడికి పోతే అది నన్ను చూడదే, ముందు ముందు తనెలా ఉంటుందో చూసుకుంటుంది. నా కాలు ఉబ్బితే తన కాలు నొక్కుకుంటుంది. రోజూ దాని కళ్ళెదుట అలా కూర్చోలేను" అన్నారు. "మరి ఇప్పుడెందుకు వెళ్దామంటున్నారు?" అన్నాను. "ఇప్పుడు నాకు భయమేస్తోందే. అక్క దగ్గరికి పోదాం" అన్నారు.

చిన్నపిల్లాడిలా అన్నారు వదినగారూ.

మీ మరదలు


మరణాల నమోదు కార్యాలయం
మంగళవారం

అమ్మాయ్,

నీ ఉత్తరం చదివాను. దాని గురించి ఇప్పుడు రాయలేను. చేతనైన పని గురించి రాస్తాను.

మీ జిల్లా నుంచి ఈ నెల మరణ పత్రాలు వచ్చాయి. పక్క బల్ల అబ్బాయి ఒకటి పట్టుకుని నా వంక చూసి, దాన్ని కింద పెట్టేశాడు. నేనే తీసుకుని చూశాను, తమ్ముడిది. కారణం దగ్గర రెండే మాటలున్నాయి: గుండె ఆగుట. కిడ్నీ లేదు. చక్కెర లేదు. మా నియమం ప్రకారం వాడు గుండె జబ్బు కట్టలోకి పోతాడు.

తర్వాత మీ జిల్లావి పాతవన్నీ తీయించాను. బేకరీ ఆవిడదీ అంతే. పేజీలకు పేజీలు గుండె ఆగుట, గుండె ఆగుట, ఊపిరి ఆగుట. అక్కడ కిడ్నీ జబ్బు గీత నేల మీద ఎందుకు పాకుతోందో ఇప్పుడు అర్థమైంది. పోతున్నవాళ్ళు లెక్కలోకే రావడంలేదు. లెక్కలో లేరు కాబట్టి మిషన్లు రావు. మిషన్లు రావు కాబట్టి ఇంకా పోతారు.

నా చేత్తో ఒక్క అక్షరం దిద్దడానికి లేదు, దిద్దకూడదు కూడా. పత్రం రాసిన డాక్టరే సవరించాలి. తమ్ముడి రిపోర్టులన్నీ పట్టుకుని ఆయన దగ్గరికి ఒకసారి వెళ్ళు. నీకిప్పుడు ఈ పని చెప్పడం పాపమని తెలుసు. వీలుకాకపోతే మానెయ్, నేనేమీ అనుకోను.

వెళ్ళేటప్పుడు అబ్బాయిని కూడా తీసుకెళ్ళు. వాడికి పరీక్ష చేయించు. ఇది మాత్రం మానకు.

మీ వదిన


ఇంటి నుంచి
శుక్రవారం

వదినగారికి,

వెళ్ళాను. డాక్టరు చిన్నవాడే, మన అబ్బాయి వయసు. కళ్ళ కింద నల్లటి చారలు. రిపోర్టులు ముందు పెట్టి అడిగాను.

"చివరికి అందరి గుండే ఆగుతుంది కదమ్మా" అన్నాడు.

"ఆగుతుంది బాబూ. ఎందుకాగిందో కూడా రాయండి" అన్నాను.

"నేనొచ్చేసరికే ఆయన పోయారు. అంతకుముందు నేనాయన్ని చూడలేదు. కిడ్నీ అని రాస్తే డయాలసిస్ ఎందుకు అందలేదని అడుగుతారు. నన్నే అడుగుతారు. ఇక్కడ రాత్రింబవళ్ళు ఉన్నది నేనొక్కణ్ణే."

నాకు కోపం రాలేదు. ఆ బల్ల మీద సగం తిన్న రొట్టె ఎండిపోయి ఉంది. "అడిగితే ఉన్నదే చెప్పండి. మిషను చెడిందనీ, నీళ్ళ యంత్రం చెడిందనీ. మీరు చెడగొట్టారా ఏం?" అన్నాను. చాలాసేపు రిపోర్టులు తిరగేశాడు. తర్వాత రాశాడు. చక్కెర జబ్బు, దానివల్ల కిడ్నీలు చెడటం, డయాలసిస్ అందకపోవడం, గుండె ఆగడం. వరసగా నాలుగూ రాశాడు. రాసి, "మిగతావాళ్ళవి వాళ్ళ ఇంటివాళ్ళు వచ్చి అడగాలమ్మా" అన్నాడు.

డయాలసిస్ గదిలో తెలిసినవాళ్ళ ఇళ్ళకి తిరిగాను. ఇద్దరు వస్తామన్నారు. ఒకావిడ తలుపు తియ్యలేదు. బేకరీ ఆయన "పోయిన మనిషి తిరిగొస్తుందా అమ్మా, ఏం రాస్తే ఏం" అని కొట్లోకి వెళ్ళిపోయాడు. ఆయన్నీ ఏమీ అనలేకపోయాను.

అబ్బాయి సంగతి. చక్కెర ఉంది. మూత్రంలో ప్రొటీను కూడా పోతోందన్నారు. ఇప్పుడే మాత్రలు మొదలుపెడితే చాలా ఏళ్ళు కాపాడొచ్చట. వాడు వింటూనే లేచిపోయాడు. ఇంటికొచ్చాక అరిచాడు. "నాకేం నొప్పి లేదు, తిమ్మిరి లేదు. రేపు ఓనరుకి తెలిస్తే బండి ఇవ్వడు. నువ్వెందుకు తీసుకెళ్ళావు?" అన్నాడు. నాన్న మీద కోపం నా మీద చూపిస్తున్నాడో, భయం చూపిస్తున్నాడో తెలియలేదు. తెల్లవారి లోడు మీద వెళ్ళిపోయాడు. మాత్రలు బల్ల మీదే ఉన్నాయి.

ఇంకెవరున్నారు వాడికి చెప్పడానికి? నేను చెబితే ఏడుపులా వినిపిస్తోంది. నెలాఖరు బుధవారం వాడి లోడు మీ నగరానికేనట.

మీ మరదలు


ఇంటి నుంచి
ఆదివారం

అమ్మాయ్,

సవరించిన పత్రం వచ్చింది. తమ్ముణ్ణి గుండె కట్టలోంచి తీసి వాడుండాల్సిన కట్టలో పెట్టారు. ఆ పని నేను చెయ్యలేదు, పక్క బల్ల అబ్బాయి చేశాడు. నేను చూస్తూ నిలబడ్డాను. ఈ ఏటి నివేదిక మాత్రం అప్పటికే వెళ్ళిపోయింది. మిషన్లు వేరే జిల్లాలకి పోయాయి. మీ గదికి ఈ ఏడాది ఏమీ రాదు. డైరెక్టరుకి మీ జిల్లా పత్రాలన్నీ చూపించాను. ఆయన ఒక్కొక్కటే తిరగేసి, "వచ్చే ఏడాది చూద్దాం" అన్నాడు. వచ్చే ఏటికి ఆ కుర్చీల్లో ఎవరుంటారని నేను అడగలేదు. ఆయనకీ తెలుసు.

ఇప్పుడు నా సంగతి. తమ్ముడు పోయిన వారమే నా రిపోర్టు వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. మాత్ర ఇన్నాళ్ళూ ఆపింది గానీ, ఇక ఆపలేకపోతోంది. నా కిడ్నీలు మూడో వంతే పనిచేస్తున్నాయట. ఇంకొన్నేళ్ళకి నేనూ కుర్చీ ఎక్కాల్సిందే. కంగారుపడకు. నేను ఎక్కే కుర్చీ మా వీధి చివరే ఉంటుంది, వారానికి మూడుసార్లు ఉంటుంది, అందులో నీళ్ళ యంత్రం చెడితే గంటలో బాగుచేస్తారు. వాడికీ నాకూ ఒకే అమ్మ, ఒకే రక్తం, ఒకే జబ్బు. వాడు నాకన్నా నాలుగేళ్ళు చిన్న. తేడా అంతా ఆ వీధి చివరే ఉంది.

నన్ను భయపెట్టకూడదని వాడు నా కంటపడకుండా కూర్చున్నాడు. ఆ మంచితనమే వాణ్ణి అక్కడ కట్టిపడేసింది. నేనా పని చెయ్యను. మీ అబ్బాయి నన్ను చూడాలి. నా పాదం నొక్కితే పడే గుంట చూడాలి. నేను మంచినీళ్ళు కొలుచుకోవడం చూడాలి. డాక్టరు దగ్గరికి నా పక్కనే కూర్చుని రావాలి. భయపడితే పడనీ. భయపడినవాడు మాత్ర వేసుకుంటాడు. వాడి ఓనరుతో ఏం మాట్లాడాలో అది నాకొదిలెయ్. సూపరింటెండెంటు కాళ్ళు ముడుచుకున్న కథ వాడికి చెప్పలేదా నువ్వు?

నగరంలోకొచ్చే లారీలన్నీ మా ఇంటి వెనక తూకం కాటా దగ్గర ఆగాలి. బుధవారం సెలవు పెట్టాను. బల్ల మీద ఉన్న ఆ మాత్రల పేరు నాకు ఫోనులో చెప్పు, ఇక్కడ కొనిపెడతాను. వాడికి ఫోను చేసి ముందుగా ఏమీ చెప్పకు, చెబితే దారి మార్చుకుంటాడు.

వాడి బండి రంగేమిటో మాత్రం చెప్పు. చెప్పకపోయినా సరే. వచ్చే ప్రతి లారీకీ అడ్డంగా నిలబడతాను.

మీ వదిన